వాళ్ల వంతు

ఆగస్టు 11, సోమవారం

పరగడుపున షుగర్ 212. ఈ నోటుబుక్కు మా నర్సింగ్ తెచ్చిచ్చాడు, ఈ అంకెలు రాసుకోవడానికే. "అమ్మా, నంబర్ ఒక్కటే రాయి, కథలు రాయకు" అన్నాడు. కన్నకొడుకు. నేను ఐదో తరగతితో ఆగిపోయానని వాడికి చులకన. నోటుబుక్కు నాది, చెయ్యి నాది. రాస్తాను.

జహీరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ రోజూ తెల్లారగట్ల అరగంట నడవమంది. ముప్పై ఏళ్లు చెరువు కట్ట మీద నడిచినదానికి నడక నేర్పుతోంది. అప్పుడు నడిస్తే చెరువు నీళ్లు కాచే నీరటి పని. ఇప్పుడు నడిస్తే మందు.

ఐదున్నరకు బయలుదేరాను. గ్యాస్ బంద్ చేశానో లేదో మూడుసార్లు వెనక్కి వచ్చి చూశాను. మూడుసార్లూ బంద్ చేసే ఉంది. అయినా దారి పొడుగునా గుండె దడే.

కట్ట మీద ఎర్ర రాళ్లూ పచ్చ రాళ్లూ పరిచారు. దీపాల స్తంభాలు పాతారు. కట్టను నడుం లోతు తవ్వి మరీ పాతారు. నీళ్లు ఆపే కట్టను తవ్వకూడదని పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. బల్లలు వేశారు. సిమెంటుతో రెండు కొంగలు చేసి సున్నం పూశారు. నిజం కొంగలు నీళ్లలో నిలబడి వాటిని చూస్తుంటాయి.

గిరీశ్ సారు బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. జహీరాబాద్ నుంచి కారులో వస్తాడు, నడుస్తాడు, కారులో పోతాడు. నడవడమే కావాలంటే ఇంటి నుంచే నడిచి రావచ్చు కదా. ఆయన ఎన్ని అడుగులు వేశాడో ఫోను చెప్పాలట, ఆయన కాళ్లకు తెలియదు. చివర్లో పదిమంది గుండ్రంగా నిలబడి చేతులు పైకెత్తి హహహ అని నవ్వుతారు. ఎవరూ ఏమీ అనకుండానే నవ్వుతారు. నవ్వుల క్లబ్బట, ఆరోగ్యమట. చింతచెట్టు మీది కోతులు కూడా సిగ్గుపడి అటు తిరిగాయి.

తూర్పు కొస నుంచి నారమ్మ వచ్చింది. నా యారాలు, మరిది పెళ్లాం. తూము దగ్గర ఎదురుపడ్డాం. ఆమె నీళ్ల వైపు చూసింది, నేను పొలాల వైపు చూశాను. పంతొమ్మిదేళ్ల నుంచి ఇంతే.

ఆగస్టు 12

198. నారమ్మ కొత్త చెప్పులు వేసుకుంది. మగాళ్ల చెప్పులు.

ఆగస్టు 14, గురువారం

రాత్రంతా నిద్ర లేదు. నర్సింగ్ ఫ్యాక్టరీ బస్సు బ్రేకులు ఎలా ఉన్నాయో అని.

ఒక సంగతి రాసి పెట్టుకోవాలి. రేపు నేను పోయాక ఎవరైనా వేరేగా చెప్తే ఇది చూపించవచ్చు.

మావి రెండూ నీరటి ఇళ్లు. ఒక సంవత్సరం మా ఆయన, ఒక సంవత్సరం మరిది చెన్నబసప్ప. ఎవరి వంతు వస్తే వాళ్లే తూము తీయాలి, వాళ్లే పొద్దున్నే కట్ట చూడాలి. రెండో ఇంటివాళ్లు నోరెత్తకూడదు. "కట్టకు చెమ్మ వచ్చింది చూడు" అని చెప్పామంటే "నీకు చేతగాదు" అని చెప్పుతో కొట్టినట్టే. మా అత్త కాలం నుంచి ఇదే మర్యాద. మా ఆయన వంతులో ఒకసారి చెన్నబసప్ప వేలు పెట్టి చూపించినందుకు రెండిళ్లకూ ఆరు నెలలు మాటల్లేవు.

గండి పడింది వాళ్ల వంతు సంవత్సరంలో. చెన్నబసప్ప పూడ్చడానికి దిగి కొట్టుకుపోయాడు. మూడో రోజు దొరికాడు. వాళ్ల ప్రియాంకకు అప్పుడు ఐదేళ్లు.

వాళ్ల వంతు. వాళ్లు చూసుకోలేదు. మధ్యలో మాదేముంది?

ఆగస్టు 18, సోమవారం

205. ఈరోజు కట్ట పైన నడవలేదు. ఆ నవ్వులు వినలేక కట్ట కింద నుంచి నడిచాను, పొలాల వైపు దారిలో. అక్కడ ఉన్నది ఒక్క నారమ్మ ఇల్లే. ప్రియాంక పురుటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టి ఇరవై రోజులు. వాకిట్లో చీర ఉయ్యాల కట్టారు.

ఆ ఇంటి వెనక కట్ట అడుగున పచ్చగా తుంగ మొలిచింది. నిరుడు అక్కడ తుంగ లేదు. కాలు పెట్టాను. మెత్తగా దిగింది. సరిగ్గా పైన చూస్తే దీపం స్తంభం.

చెమ్మ. చాటంత.

నాకేం. నీరటి పనే లేదు ఇప్పుడు. కట్ట చూడటానికి గవర్నమెంటు లస్కర్‌ను పెట్టింది. సాల్మన్ అని, బండి మీద వస్తాడు, కట్ట మీద కాలు పెట్టడు. వాడి వంతు ఇది.

ఆగస్టు 19

నర్సింగ్‌కు చెప్పాను. బూట్ల తాడు కట్టుకుంటూ విన్నాడు. విన్నాడని నేనే అనుకోవాలి.

"అమ్మా, పోయిన నెల ట్రాన్స్‌ఫార్మర్ పేలుతదన్నవ్. పేలిందా?"

"పేలలేదు."

"పక్కింటోళ్ల గోడ మన మీద పడుతదన్నవ్. పడిందా?"

"ఇంకా పడలేదు."

"నీ కోడలు బీదర్‌ల బస్సు దిగంగనే తప్పిపోతదని మొన్న ఏడిస్తివి. ఇగో, మంచిగ వచ్చి చపాతీలు చేస్తుంది. ఇప్పుడు చెరువు తెగుతదంటవ్. జర ఆ గోలీ ఏసుకొని పండుకో."

"నేను నీరటోని పెళ్లాన్నిరా. చెరువు సంగతి నాకు తెల్వదా?"

"నువ్వు ఫికర్ చేసుడు తప్ప ఏం తెల్వదమ్మా."

కోడలు చపాతీ పెనం దగ్గర మూతి బిగబట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికి. కనీసం ఆమెకు క్లబ్బు అక్కర్లేదు.

ఆగస్టు 20, బుధవారం

సాల్మన్ టీ బండి దగ్గర దొరికాడు. చెప్పాను. "అవ్వా, ఇంజనీర్ సాబ్‌కు చెప్తగని, నువ్వు గట్ల తడిల తిరగకు, కాలు జారుతది" అన్నాడు. ఇంజనీరు నిజంగానే పదకొండుకు వచ్చాడు. కారు దిగకుండా అద్దం దించాడు. "కట్ట అన్నాక కొంచెం ఊరుతది పెద్దమ్మా, అది నార్మల్" అన్నాడు. అద్దం ఎక్కింది. బూట్లకు మట్టి అంటకుండా చెరువు చూసే విద్య ఏ బడిలో చెప్తారో.

గిరీశ్ సారుకు కూడా చెప్పాను, చదువుకున్నవాడు కదా అని. "పాజిటివ్‌గా ఆలోచించండమ్మా, మా క్లబ్బులో చేరండి" అన్నాడు. నవ్వితే కట్టకు పడ్డ బుంగ పూడుతుందేమో.

ఇక చెప్పవలసినవాళ్లు ఎవరూ లేరు.

ఆ ఇంట్లోవాళ్లు తప్ప.

ఆగస్టు 21

స్టీలు గ్లాసు కొంగు చాటున పెట్టుకొని పోయాను. ఇప్పుడు చెమ్మ కాదు, చిటికెన వేలంత ధార. గ్లాసు పట్టి, రాయి మీద పెట్టి, వంద దాకా అంకెలు చెప్పుకున్నాను. నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున మట్టి లేదు. మా ఆయన చూసే తీరు ఇదే. తేట నీళ్లు వస్తే కట్ట చెమర్చినట్టు. మట్టి నీళ్లు వస్తే కట్ట లోపల నుంచి తినుకుపోతున్నట్టు.

తేట నీళ్లే. చెప్పే పని లేదు. అమ్మయ్య.

ప్రియాంక చూసింది. "పెద్దవ్వా! గక్కడ ఏం జేస్తున్నవ్? ఇంట్లకు రా, చాయ్ తాగు."

"వేపపుల్ల కోసం వచ్చిన బిడ్డా."

"గ్లాసుల ఇరుస్తవా వేపపుల్ల?"

నోరు తల్లిదే. పిల్లను చూపించింది. చెవులు చెన్నబసప్పవి. నేను చాయ్ తాగలేదు. నారమ్మ లోపల రోట్లో పసుపు దంచుతోంది, దంపుడు ఆపలేదు. నా గొంతు వినపడిందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

ఆగస్టు 23, శనివారం

వాన. నిన్న కూడా వాన. 220.

గండి పడిన రోజు పొద్దున నేనేమీ చూడలేదు. బట్టలు ఉతకడానికి చెరువుకు పోయాను, వచ్చాను.

ఆగస్టు 24

నారమ్మ వానలో కూడా నడుస్తోంది. తల మీద యూరియా సంచి కప్పుకొని. ఎవరికి చూపించడానికో. ఈరోజు నేను కింది దారిలో పోలేదు. పై నుంచి చూశాను. రెండు పూటల నుంచి పిల్ల ఏడుపు వినపడలేదు. ఈ వానలో ఏం వినపడుతుంది.

అసలు తప్పు మా ఆయనది. గండి రోజు పొద్దున నేను చూసి ఇంటికి వచ్చి చెప్పాను. "వాళ్ల వంతు, నోరు మూసుకో" అన్నాడు. భర్త మాట దాటే ఇల్లు కాదు మాది.

ఆగస్టు 25, సోమవారం

ఆయన ఆ రోజు ఇంట్లోనే లేడు. న్యాల్‌కల్ పోయాడు, ఎడ్లు చూడటానికి. సాయంత్రం వచ్చాడు. అప్పటికే గండి పడింది.

చచ్చినవాడి మీద అబద్ధం రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో అబద్ధం రాసేవాళ్లను ఏమనాలి.

చూశాను. ఎర్ర నీళ్లు, పిడికిలంత ధార. వాళ్ల చేను వైపు. నారమ్మ అంతకు నాలుగు రోజుల ముందు బావి దగ్గర అందరూ వింటుండగా అంది: "మా వంతు ఏడాది మంచి పంట వస్తది, మీ వంతు ఏడాది మీరు పండుకుంటరు." అది చెవిలో మోగుతోంది. చూసుకోనీ, మెలకువ గలవాళ్లు కదా అనుకున్నాను. మధ్యాహ్నంలోపు చూసుకుంటారులే అనుకున్నాను. చెన్నబసప్ప పొద్దున్నే చూస్తాడనుకున్నాను. ఆ రోజు వాడికి జ్వరం. అది నాకు తెలియదు.

మర్యాద అన్నాను పైన. మర్యాద కాదు, పాడు కాదు. కుళ్లు.

ఆగస్టు 26

వాన తెరిపి లేదు. చెరువు నిండి అలుగు పారుతోంది, చప్పుడు ఇంట్లోకి వస్తోంది. నర్సింగ్ బయటికి పోనివ్వలేదు. తలుపు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చున్నాడు, నేను దొంగనైనట్టు.

షుగర్ చూడలేదు.

ఆగస్టు 27, బుధవారం, చవితి

వాళ్లు లేవకముందే వెనక తలుపు తీసుకొని పోయాను. వాన ఆగింది. వెలుగు ఇంకా బూడిద రంగులోనే ఉంది. కింది దారి మోకాలి లోతు బురద. రెండుసార్లు పడ్డాను.

గ్లాసు అక్కర్లేకపోయింది. ధార చేతి మందాన వస్తోంది. ఎర్రగా, బెల్లం పానకంలా.

నారమ్మ వాకిట్లో ముగ్గు వేస్తోంది. పండగ కదా. తలెత్తలేదు. పంతొమ్మిదేళ్ల తర్వాత ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు. అదే వచ్చింది:

"నారమ్మా, మీ ఇంటెనక కట్టకు బుంగ పడ్డది. ఎర్రనీళ్లు వస్తున్నయ్. పిల్లను, బాలింతను తీస్కొని జల్ది బయటికి నడువ్."

చుక్క పెడుతూనే ఉంది. "ఎరుకే" అంది.

"ఎరుకా?"

"నీకంటే ఒక్క దినం ముంగటనే చూసిన. సాల్మన్‌గానికి చెప్పిన. వాడు నీకు చెప్పిన మాటనే నాకు చెప్పిండు. బిడ్డను, మనవరాలిని శనివారం నాడే కోహీర్ల మా అన్న ఇంటికి తోలిన."

చీర ఉయ్యాల ఖాళీగా వేలాడుతోంది.

"మరి నువ్వెందుకున్నవే ఈడ? పిచ్చి లేసిందా?"

అప్పుడు లేచి నిలబడింది. చేతి ముగ్గు కొంగుకు తుడుచుకుంది. నా మొహంలోకి చూసింది. ముసలిదైపోయింది. నేనూ అంతేనేమో.

"నువ్వు చెప్తవా చెప్పవా, చూద్దామని ఉన్న."

"కట్ట తెగితే?"

"తెగితే తెగుతుండె. అప్పుడు నీ సంగతి నలుగురికి ఎరుకైతుండె. తొమ్మిది దినాలు పట్టింది అక్కా నీకు నోరు పెగలనీకి. తొమ్మిది దినాలు నా ఇంటి ముందటి నుంచే పోయినవ్, వచ్చినవ్, గ్లాసుల నీళ్లు పట్టుకొని చూసినవ్. నా బిడ్డ చాయ్ తాగమంటే వేపపుల్ల అన్నవ్."

"ఆ దినం నేను..."

"ఆ దినం సంగతి నాకు చెప్పకు. ఆ పొద్దు నీ మేకలను కట్ట కింద నుంచి ఇప్పుకొని ఇంటి కాడ కట్టేసుకున్నవ్. ఏడు మేకలు. ఒక్కటి పోలే. నా ఇంటాయన పోయిండు. నాకు లెక్క రాదా?"

మేకల సంగతి నేను ఈ పుస్తకంలో రాయలేదు. నాకు నేనే చెప్పుకోలేదు. ఆమెకు పంతొమ్మిదేళ్లుగా తెలుసు.

కాళ్లు పట్టుకుందామని వంగాను. "ఛీ, లే" అంది. "కాళ్లు తర్వాత పట్టుకుందువు గని. బుంగ నోరు ఏడున్నదో చూడాలె. పసుపు తెస్త, నువ్వు కింద నిలబడు."

బాలింత కోసం దంచిన పసుపు, రెండు కిలోలు. ఆమె కట్ట ఎక్కి నీళ్ల వైపు దిగింది. దీపం స్తంభానికి ఎదురుగా నీళ్లలో చిన్న సుడి తిరుగుతోందట. అందులో పసుపు కుమ్మరించింది. నేను కింద చూస్తున్నాను. ఎర్రనీళ్లు, ఎర్రనీళ్లు, ఎర్రనీళ్లు. తర్వాత పచ్చగా.

"వచ్చిందీ!" అని అరిచాను.

అప్పుడే క్లబ్బువాళ్లు దిగారు. గిరీశ్ సారు పై నుంచి వంగి చూసి, "ఏం పూజమ్మా ఇది?" అని ఫోను తీసి వీడియో పట్టాడు. సాల్మన్ బండి ఆపి వచ్చాడు. పచ్చనీళ్లు చూశాడు. ఒకటే మాట, "ప్రభువా." వాడికి ఆ కాస్త తెలివైనా ఉంది. "సార్, అందరు కట్ట దిగున్రి! కట్ట తెగేటట్టున్నది!"

గిరీశ్ సారు ఉరికాడు. పదిమందీ ఉరికారు. సిమెంటు కొంగ మెడ పట్టుకొని ఒకాయన మలుపు తిరిగాడు. ఈరోజు ఒక్కరూ నవ్వలేదు.

ఆగస్టు 29

నిన్న చెయ్యి లేవలేదు రాయడానికి. 240.

మొన్న తూము పూర్తిగా తీశారు. అలుగు దగ్గర కోసి నీళ్లు దించారు. బుంగ నోట్లో సంచులు కుక్కారు. ఎక్కడ కుక్కాలో నారమ్మ వేలు పెట్టి చూపించింది. ఇంజనీరు ఆమె వెనకాలే తిరిగాడు, బూట్లు చేతిలో పట్టుకొని. సాయంత్రానికి ధార చిక్కి, తేటపడి, ఆగింది. కట్ట నిలబడింది. మిషన్ పోవడానికి దారి లేదని నారమ్మ ఇంటి వెనక గోడ కూలగొట్టారు. కట్ట కాపాడినందుకు బహుమానం.

స్తంభం పీకేశారు. ఆ గుంతలోకి మట్టితో పాటు ఒక సిమెంటు కొంగను కూడా తోసేశారు. అది ఇన్నాళ్లలో చేసిన పని అదొక్కటే.

నర్సింగ్ ఊరంతా చెప్పుకుంటున్నాడు, "మా అమ్మ ముందుగాలనే చెప్పింది" అని. సిగ్గు లేనివాడు. నాతో మాత్రం, "అమ్మా, ఆ ట్రాన్స్‌ఫార్మర్ సంగతి మల్లొకసారి చెప్పు" అన్నాడు.

నారమ్మకు అన్నం పంపాను. గిన్నె అట్లాగే తిరిగి వచ్చింది. మూత కూడా తీయలేదు.

సెప్టెంబరు 2, మంగళవారం

ప్రియాంక పిల్లను తీసుకొని కోహీర్ నుంచి తల్లి ఇంటికి తిరిగి వచ్చింది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. చెప్పి ఉంటుంది తల్లి. చెప్పాలి కూడా. చెవులు చెన్నబసప్పవే, ఎంత కప్పినా కనపడతాయి.

సెప్టెంబరు 4

తెల్లారగట్ల గేటు చప్పుడైంది. దొంగలనుకొని చీపురు పట్టుకొని వెళ్లాను. నారమ్మ. యూరియా సంచి భుజం మీద.

"తూము నుంచి పడమట నువ్వు చూడు. తూర్పు నేను చూస్త. సర్కారోళ్ల మీద ఇడిస్తే కొంప మునుగుతది. మాటలొద్దు."

"మరి నీ దిక్కు నాకేమన్న కనపడితే?"

"నోట్ల నాలుకున్నది గదా" అని వెళ్లిపోయింది.

సెప్టెంబరు 5

187. కట్ట మీద మేమిద్దరమే. క్లబ్బువాళ్లు వేరే ఊరి చెరువుకు మారారట. ఆ చెరువు గతి ఏమవుతుందో.

సెప్టెంబరు 6, శనివారం

నా వైపు అంతా చూశాను. ఏమీ లేదు. తర్వాత తూము దాటాను. నా వంతు కాదు. నాలుగడుగులకు ఒకసారి ఆగాను, వెనక్కి పోదామని. రెండో చింతచెట్టు దగ్గర, ఆమె వైపు, కట్ట అంచున పందికొక్కు బొక్క. నా పిడికిలి పట్టేంత. లోపలికి ఎంత దూరం పోయిందో తెలియదు.

నారమ్మ వస్తోంది. ఎదురెళ్లి చెప్పాను. వేలు పెట్టి చూపించాను కూడా.

"నిన్ననే చూసిన" అంది. మూతి ముడుచుకొని వెళ్లిపోయింది.

చూడలేదు. బొక్క బయట పోసిన మట్టి ఇంకా తడిగానే ఉంది. అది ఈ తెల్లారగట్ల తవ్వింది.